దగ్గు చెప్పే కబురు



రాత్రిపూట ఇంట్లో చంటిపిల్ల దగ్గుతుంది. మనం లేచి లైటు కూడా వెయ్యం. పక్క మీద నుంచే వింటాం. "ఇది పొడిదగ్గు" అంటాం. "పిల్లకు గళ్ల కట్టింది" అంటాం. ఆయాసం వచ్చిన పిల్లవాడి ఎదలో పిల్లికూతలు వినిపిస్తాయి. కోరింత దగ్గు వచ్చిన పిల్లవాడు ఆపకుండా దగ్గుతాడు. చివరికి పెద్ద కూతతో గాలి లోపలికి పీలుస్తాడు. ఆ చప్పుడు ఒక్కసారి విన్న తల్లి మళ్లీ మరిచిపోదు.

అంటే, జబ్బుకు చప్పుడు ఉంటుంది. ఆ చప్పుడు వినే చెవి మనకు ఉంది.

మరి ఈ పని ఫోను చెయ్యగలదా? దగ్గు విని జబ్బు సంగతి చెప్పగలదా? 2020లో కరోనా వచ్చినప్పుడు శాస్త్రవేత్తలు ఈ ప్రశ్న వేసుకున్నారు. జవాబు కోసం జనాన్ని ఒక సాయం అడిగారు. పైసలు అడగలేదు. రక్తం అడగలేదు. "మీ దగ్గు ఇవ్వండి, మీ గొంతు ఇవ్వండి" అని అడిగారు. వేలమంది ఇచ్చారు.

ఆ గొంతులు ఏమయ్యాయి? వాటివల్ల ఏం తెలిసింది? రేపు మన ఊరికి వచ్చి మనల్ని అడిగితే ఏం చెయ్యాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

చప్పుడు ఎట్లా పుడుతుంది?

మీ చెయ్యి గొంతు మీద పెట్టుకోండి. "ఆ..." అని గట్టిగా అనండి. చేతికి అదురు తగులుతుంది కదా! గొంతులో రెండు సన్నని పొరలు ఉంటాయి. వాటిని స్వరతంతువులు అంటారు. ఊపిరితిత్తుల నుంచి గాలి పైకి వస్తుంది. ఆ గాలికి ఈ పొరలు అదురుతాయి. అప్పుడు గొంతు పలుకుతుంది.

దగ్గు వచ్చే తీరు వేరు. ముందు మనం గాలి బాగా పీలుస్తాం. గొంతు ఒక్క క్షణం మూసుకుంటుంది. లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది. తరువాత గొంతు ఒక్కసారి తెరుచుకుంటుంది. గాలి దబ్బున బయటికి వస్తుంది. అదే దగ్గు. లోపల గళ్ల ఉంటే చప్పుడు ఒక రకంగా ఉంటుంది. గాలిగొట్టాలు వాచి ఇరుకైతే ఇంకో రకంగా ఉంటుంది.

చప్పుడు విని జబ్బు పట్టుకోవడం కొత్త సంగతి కాదు. డాక్టరు మెడలో వేసుకునే గొట్టాన్ని మీరు చూసే ఉంటారు. దాన్ని స్టెతస్కోపు అంటారు. అది పుట్టింది ఒక ఆడమనిషికి వైద్యం చేసే సందర్భంలోనే. 1816లో ఫ్రాన్సు దేశంలోని పారిస్ నగరంలో లెనెక్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన దగ్గరికి గుండెజబ్బుతో ఒక యువతి వచ్చింది. ఆ కాలంలో డాక్టర్లు రోగి ఎద మీద చెవి ఆనించి వినేవారు. యువతి ఎద మీద చెవి పెట్టడం ఆయనకు మర్యాద అనిపించలేదు. కాగితాలను గొట్టంలా చుట్టాడు. ఒక కొస ఆమె ఎద మీద పెట్టాడు. ఇంకో కొస తన చెవికి పెట్టుకున్నాడు. గుండె చప్పుడు ముందుకన్నా బాగా వినిపించింది! అక్కడి నుంచే స్టెతస్కోపు మొదలైంది.

కరోనా కాలంలో గొంతు ఎందుకు అడిగారు?

ఆ రోజులు మనకు గుర్తున్నాయి. 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. బస్సులు లేవు. పనులు లేవు. జ్వరం వస్తే కరోనానో కాదో తెలియదు. ముక్కులో పుల్ల పెట్టి నమూనా తీసేవారు. దాన్ని ల్యాబులో పరీక్ష చెయ్యాలి. మొదట్లో మన రాష్ట్రంలో ఈ పరీక్షకు హైదరాబాద్ గాంధీ ఆసుపత్రే దిక్కు. తరువాత వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలోనూ ఈ పరీక్ష చేశారు. మన ఎంజీఎం దవాఖానలో కరోనా రోగులకు వైద్యం చేశారు.

ల్యాబు కావాలి. మందులు కావాలి. చదువుకున్న మనుషులు కావాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి. అందుకని శాస్త్రవేత్తలు ఇంకో దారి ఆలోచించారు. కరోనా ఊపిరితిత్తులకు పట్టే జబ్బు. దగ్గులో, ఊపిరిలో, గొంతులో ఏదైనా తేడా వస్తుందేమో! ఆ తేడాను ఫోను పట్టుకుంటే, ఎవరికి ముందు పరీక్ష చెయ్యాలో తొందరగా తెలుస్తుంది కదా!

ఇట్లా ముందుగా ఏరి చూడడాన్ని 'స్క్రీనింగ్' అంటారు. మనం బియ్యాన్ని చాటలో పోసి అనుమానం ఉన్న గింజను పక్కకు తీస్తాం. అది రాయో, బియ్యమో తరువాత చూస్తాం. స్క్రీనింగ్ కూడా అంతే. అది అనుమానం చెబుతుంది. జబ్బు ఉందని తేల్చి చెప్పదు.

బెంగళూరు 'కోస్వర'

బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఉంది. అది దేశంలో పేరున్న పరిశోధన సంస్థ. అక్కడ శ్రీరామ్ గణపతి అనే ఆచార్యుడు, ఆయన బృందం 2020 ఏప్రిల్‌లో ఈ పని మొదలుపెట్టారు. దానికి 'కోస్వర' అని పేరు పెట్టారు. స్వరం అంటే గొంతు.

గొంతు ఇవ్వదలచినవాళ్లు తమ ఫోనులోనే ఇచ్చారు. మొత్తం 9 చప్పుళ్లు రికార్డు చెయ్యాలి.

ఊపిరి రెండుసార్లు. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి.

దగ్గు రెండుసార్లు. చిన్నగా ఒకసారి, గట్టిగా ఒకసారి.

అచ్చులు మూడు. 'ఈ...', 'ఊ...' వంటి అచ్చులను ఊపిరి ఉన్నంతసేపు సాగదియ్యాలి.

అంకెలు రెండుసార్లు. ఒకటి నుంచి ఇరవై దాకా మెల్లగా ఒకసారి, వేగంగా ఒకసారి లెక్కపెట్టాలి.

చూశారా! మనం పలకపట్టి మొదట నేర్చుకున్నవి అచ్చులూ అంకెలే. శాస్త్రవేత్తలు అడిగిందీ అవే.

గొంతుతోపాటు వయసు, ఆడా మగా, జ్వరం ఉందా, దగ్గు ఉందా, కరోనా వచ్చిందా అని అడిగారు. 2022 ఫిబ్రవరి దాకా గొంతులు సేకరించారు. 2,635 మంది ఇచ్చారు. వారిలో 674 మందికి అప్పుడు కరోనా ఉంది. 142 మంది కరోనా వచ్చి తగ్గినవాళ్లు. మిగిలిన 1,819 మందికి కరోనా లేదు. అన్నీ కలిపి వింటే 65 గంటలు పడుతుంది. ఈ గొంతులను ప్రపంచంలో ఏ పరిశోధకుడైనా వాడుకునేటట్టు ఉంచారు.

మన తెలుగు నేల మీదా ఇటువంటి పని జరిగింది. హైదరాబాద్‌లో సాల్సిట్ అనే సంస్థ ఉంది. వాళ్లు దగ్గు చప్పుడును ఫోనులో రికార్డు చేసి, ఊపిరితిత్తుల సంగతి చూసే పద్ధతి తయారుచేశారు. దానికి 'శ్వాస' అని పేరు పెట్టారు. దీనితో కరోనాను పసిగట్టవచ్చా అని విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో పరిశోధన జరిగింది. దగ్గు చెప్పిన మాటనూ, ల్యాబు చెప్పిన మాటనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఫలితాలు 2023లో అచ్చయ్యాయి.

యంత్రం ఎట్లా నేర్చుకుంటుంది?

మనం 'అ' అక్షరం ఎట్లా నేర్చుకున్నాం? ఒక్కసారి చూస్తే రాలేదు. పలక మీద చూశాం. పుస్తకంలో చూశాం. గోడ మీద చూశాం. బస్సు బోర్డు మీద చూశాం. ఒకరు గుండ్రంగా రాశారు. ఒకరు వంకరగా రాశారు. చూసి చూసి, ఎవరు రాసినా 'అ' అని గుర్తుపట్టడం వచ్చింది.

కంప్యూటరు కూడా అంతే. దానికి వేల దగ్గులు వినిపిస్తారు. "ఇది కరోనా ఉన్నవాళ్ల దగ్గు. ఇది లేనివాళ్ల దగ్గు" అని చెబుతారు. విని విని అది తేడా పట్టుకుంటుంది. తరువాత కొత్త దగ్గు వినిపించి, "ఇది ఏది?" అని అడుగుతారు.

కాని ఇక్కడ ఒక చిక్కు ఉంది. కరోనా ఉన్నవాళ్ల గొంతులన్నీ దవాఖానలో రికార్డు చేశారు అనుకోండి. వెనుక ఫ్యాన్ల చప్పుడు ఉంటుంది. లేనివాళ్ల గొంతులన్నీ ఇళ్లల్లో రికార్డు చేశారు అనుకోండి. ఆ చప్పుడు ఉండదు. అప్పుడు కంప్యూటరు దగ్గును నేర్చుకోదు. ఫ్యాను చప్పుడును నేర్చుకుంటుంది! "ఫ్యాను ఉంటే కరోనా, లేకపోతే కాదు" అంటుంది. చూసేవాళ్లకు మాత్రం బాగా చెబుతున్నట్టే ఉంటుంది.

లెక్క ఎక్కడ తప్పింది?

బ్రిటన్ దేశంలో ఈ పరిశోధన చాలా పెద్దగా చేశారు. 67,842 మంది తమ గొంతు ఇచ్చారు. వారిలో 23,514 మందికి కరోనా ఉన్నట్టు పరీక్షలో తేలింది. మొదట చూస్తే కంప్యూటరు బాగానే చెబుతోంది. కాని శాస్త్రవేత్తలు అక్కడితో ఆగలేదు. గట్టిగా పరీక్ష పెట్టారు.

కరోనా ఉన్నవాళ్లలో చాలామందికి దగ్గు, జ్వరం వంటి లక్షణాలు ఉన్నాయి. లేనివాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ లేదు. కంప్యూటరు పట్టుకుంది ఈ తేడానే. అందుకని ఒకే వయసు, ఒకే రకం లక్షణాలు ఉన్నవాళ్లను జతలు కలిపి మళ్లీ చూశారు. అప్పుడు కంప్యూటరు తడబడింది. చివరికి ఏం తేలింది? "దగ్గు ఉందా? జ్వరం ఉందా? వాసన తెలుస్తోందా?" అని మనిషిని అడిగితే ఎంత తెలుస్తుందో, గొంతు వినిపిస్తే అంతకన్నా ఎక్కువ తెలియలేదు. ఈ సంగతి 2024లో అచ్చువేశారు.

ఇది మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. ఫోను విని "నీకు ఏమీ లేదు" అంటే, దాన్ని నమ్మి ఇంట్లో కూర్చోవద్దు. ఫోనులో దగ్గడం పరీక్ష కాదు. ఒంట్లో బాగా లేకపోతే దవాఖానకు పోవాలి. మన బాధ మన నోటితో చెప్పాలి. మనం చెప్పే మాటకు అంత విలువ ఉంది.

మరి అంతమంది ఇచ్చిన గొంతులు వృథా అయ్యాయా? కాలేదు. అన్ని వేలమంది ఇచ్చారు కాబట్టే తప్పు బయటపడింది. కొద్దిమందే ఇచ్చి ఉంటే, తప్పు లెక్కనే ఒప్పు అనుకునేవారు. ఆ లెక్కను నమ్మి జబ్బు ఉన్నవాళ్లను ఇంటికి పంపేవారు. "ఇది పనికిరాదు" అని తెలుసుకోవడం కూడా తెలివే.

పైగా దగ్గు మీద పరిశోధన ఆగలేదు. ఇప్పుడు టీబీ మీద సాగుతోంది. టీబీ అంటే క్షయ. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. గూగుల్ సంస్థ కోట్ల చప్పుళ్లు వినిపించి ఒక కంప్యూటరు పద్ధతిని తయారుచేసింది. దానితో టీబీని ముందుగా పసిగట్టడానికి హైదరాబాద్ సాల్సిట్ సంస్థ ప్రయత్నిస్తోందని 2024లో ప్రకటించారు.

ఆడవాళ్ల గొంతులు ఏవి?

'కోస్వర'కు గొంతు ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఇది ఎందుకు జరిగిందో మనకు తెలుసు. ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? 2019-21లో ప్రభుత్వం చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక సంగతి తెలిసింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లు 100 మంది ఉంటే, సొంతంగా వాడుకునే ఫోను 54 మందికే ఉంది.

ఆడవాళ్ల గొంతు సన్నగా ఉంటుంది. స్వరతంతువులు పొట్టిగా ఉంటాయి. ఊపిరితిత్తులు చిన్నగా ఉంటాయి. మగవాళ్ల దగ్గులే విన్న కంప్యూటరు మన దగ్గును సరిగ్గా గుర్తుపట్టగలదా?

ఇంకో సంగతి. మన దగ్గుకు మన బతుకే కారణం. కట్టెల పొయ్యి ముందు కూర్చున్న అమ్మకు పొగ దగ్గు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ఏరే అక్కకు ఘాటు దగ్గు. పత్తి దుమ్ములో పనిచేసే చెల్లెకు దుమ్ము దగ్గు. లండన్‌లో దగ్గులు విన్న కంప్యూటరుకు మిర్చి దగ్గు ఏం తెలుస్తుంది? దాన్ని కూడా జబ్బు అనుకోవచ్చు. లేదా నిజమైన జబ్బును మిర్చి ఘాటు అనుకోవచ్చు. మన గొంతులు లేని లెక్క మనకు సరిపోదు.

అందుకని గొంతు ఇవ్వడం మంచి పనే. కాని తెలిసి ఇవ్వాలి.

మనల్ని అడిగితే?

ఊరి సంఘంలో ఒక అక్క నర్సమ్మను అడుగుతోంది అనుకుందాం.

అక్క : నర్సమ్మా, ఊళ్లెకు ఎవరో వచ్చిండ్రు. ఫోన్ల దగ్గుమంటున్నరు. దగ్గాల్నా, వద్దా?

నర్సమ్మ : వచ్చినోళ్లు ఎవరో అడిగినవా అక్కా?

అక్క : దవాఖాన తరఫున వచ్చినమన్నరు.

నర్సమ్మ : నోటిమాట చాలదు. కాయితం అడుగు. పరిశోధన ఎవరు చేస్తున్నరో, ఎందుకు చేస్తున్నరో దాంట్ల రాసి ఉండాలె. మనకు తెలిసిన భాషల ఉండాలె.

అక్క : దగ్గితే నాకేమొస్తది?

నర్సమ్మ : ఇప్పటికిప్పుడు నీకేం రాకపోవచ్చు. రేపు మన పిల్లలకు పనికొస్తది. "దగ్గితే నీ జబ్బు తగ్గుతది" అని ఎవరన్న అంటే నమ్మకు.

అక్క : నడుమ వద్దనిపిస్తే?

నర్సమ్మ : ఆపెయ్యొచ్చు. ఎందుకని చెప్పే పని లేదు. అట్ల ఆపినవని దవాఖానల నీకు మందులు ఇయ్యకుండ ఉండరాదు.

అక్క : మా ఆయన సంతకం పెడ్తనన్నడు.

నర్సమ్మ : గొంతు నీది. సంతకం నీది. ఆయనతోని మాట్లాడు, తప్పులేదు. నీ బదులు మాత్రం ఆయన పెట్టరాదు.

నర్సమ్మ చెప్పింది నిజం. మనుషుల మీద చేసే పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో నియమాలు రాసింది. దాని ప్రకారం మనకు అర్థమయ్యే భాషలో అన్నీ చెప్పాలి. మనం ఒప్పుకుంటేనే చెయ్యాలి. ఎప్పుడు వద్దన్నా ఆపాలి. ఒప్పుకున్న కాగితం నకలు మనకు ఇవ్వాలి. చదువు రానివారు ఉంటే, ఆ పరిశోధనతో సంబంధం లేని చదువుకున్న సాక్షి ఒకరు పక్కన ఉండాలి. వారి ముందు అంతా చదివి వినిపించి, అప్పుడు వేలిముద్ర తీసుకోవాలి.

ఒకప్పుడు మనకు ఆ సాక్షి కావలసి వచ్చేది. ఇప్పుడు కాగితం మనమే చదవగలం. తొందర పెడితే తొందరపడవద్దు. కూడబలుక్కుని చదవండి. అర్థం కాని మాట దగ్గర వేలు పెట్టి, "ఇది ఏమిటి?" అని అడగండి. అడగడం తప్పు కాదు.

సంతకానికి ముందు ఈ ప్రశ్నలు అడగండి

1. మీరు ఎవరు? ఏ సంస్థ నుంచి వచ్చారు?

2. నా గొంతు దేనికి వాడతారు?

3. నా పేరు, ఊరు గొంతుతో కలిపి ఉంచుతారా?

4. నా గొంతు ఎవరెవరు వింటారు? వేరే దేశాలవాళ్లకు కూడా ఇస్తారా?

5. నాలో జబ్బు ఉన్నట్టు అనిపిస్తే నాకు చెబుతారా? ఎక్కడికి పోవాలి?

6. తరువాత వద్దనుకుంటే నా గొంతు తీసేస్తారా?

7. దీన్ని పరిశోధనల నైతిక కమిటీ ఒప్పుకుందా? అనుమానం వస్తే ఎవరిని అడగాలి?

వీటికి సరిగ్గా జవాబు చెబితే, మీకు ఇష్టమైతే, సంతకం పెట్టండి. ఇష్టం లేకపోతే వద్దు అనండి. రెండూ మీ హక్కే.

ఒక హెచ్చరిక. దగ్గు పరిశోధనకు బ్యాంకు ఖాతాతో పని లేదు. ఫోనుకు వచ్చే ఓటీపీ నంబరుతో పని లేదు. అవి అడిగితే వాళ్లు మోసగాళ్లే. ఈ రోజుల్లో మనిషి గొంతును కంప్యూటరుతో అచ్చం అట్లాగే పలికించి మోసం చేసేవాళ్లు కూడా ఉన్నారు. తెలియనివాళ్లకు ఫోనులో గొంతు రికార్డు చేసి పంపవద్దు.

మన దగ్గు మనం విందాం

ఇంట్లో ఎవరు దగ్గినా మనం వింటాం. పసుపు పాలు ఇస్తాం. దవాఖానకు తీసుకుపోతాం. మన దగ్గును మాత్రం మనం వినం. "పొగకు వచ్చింది" అంటాం. "మిర్చి ఘాటు" అంటాం. నెలలు గడుస్తాయి.

రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ఆగవద్దు. దగ్గులో రక్తం పడినా, సాయంత్రం జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా ఆగవద్దు. ఆశా కార్యకర్తకు చెప్పండి. సర్కారు దవాఖానలో గళ్ల పరీక్ష ఉచితంగా చేస్తారు. టీబీ అని తేలితే మందులు ఉచితం. మందులు వాడినన్ని రోజులు తిండికి నెలకు 1,000 రూపాయలు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరుకు ముందు 500 రూపాయలే ఇచ్చేవారు. మందులు పూర్తిగా వాడితే టీబీ తగ్గుతుంది.

గుర్తుంచుకోండి

* దగ్గులో, గొంతులో జబ్బు ఆనవాళ్లు ఉండవచ్చు. వాటి మీద పరిశోధన జరుగుతోంది.

* గొంతు ఇవ్వడం పరిశోధనకు చేసే సాయం. అది వైద్యమూ కాదు, పరీక్షా కాదు.

* ఆడవాళ్ల గొంతులు తక్కువైతే ఆడవాళ్లకు సరిపడే లెక్క రాదు.

* చదివి, అడిగి, ఇష్టమైతేనే సంతకం పెట్టాలి.

* రెండు వారాలు దాటిన దగ్గుకు గళ్ల పరీక్ష చేయించుకోవాలి.

మాట్లాడుకోండి

1. కరోనా కాలంలో మీ ఊళ్లో పరీక్షకు ఎక్కడికి పోయారు? ఎంత కష్టమైంది?

2. మీ ఇంట్లో ఫోను ఎవరి దగ్గర ఉంటుంది?

3. మీరు చదవకుండా వేలిముద్ర వేసిన కాగితాలు ఏవైనా ఉన్నాయా? ఇప్పుడు వాటిని తీసి చదవండి.

4. మీ సంఘంలో రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? వారిని దవాఖానకు ఎవరు తీసుకుపోతారు?

కొత్త మాటలు

స్వరతంతువులు - గొంతులో అదిరి చప్పుడు చేసే సన్నని పొరలు

స్క్రీనింగ్ - అనుమానం ఉన్నవాళ్లను ముందుగా ఏరి చూడడం

పరిశోధన - తెలియని సంగతిని పద్ధతిగా వెతికి తెలుసుకోవడం

నైతిక కమిటీ - పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ

నకలు - కాగితానికి ఇంకో ప్రతి